పైపులో ఎన్ని బిందెలు?

చివరి ఇంటి కుళాయికి గాలే ఎందుకొస్తుంది... ఎట్టయాపురం పక్క పల్లెలో ఓ ఫిట్టరు మామ విప్పిన లెక్క

ఎట్టయాపురం: పొద్దున్నే ఐదున్నర. ట్యాంకు దగ్గర వాల్వు తిప్పారన్న కబురు వీధంతా పాకిపోయింది. ఆకుపచ్చవి, నీలివి, ఎర్రవి... ప్లాస్టిక్ బిందెలు గుమ్మాల ముందు బారులు తీరాయి. ముందున్న ఇళ్లలో నీళ్లు పడుతున్న చప్పుడు. వీధి చివర మెట్ట మీదున్న ఇంటి కుళాయి మాత్రం బుస్సుమంటోంది. నీళ్లు కాదు, గాలి!

ఆ ఇంటి ఇల్లాలు ఏడింటికల్లా అగ్గిపెట్టెల ఆఫీసు వ్యాను ఎక్కాలి. (ఫ్యాక్టరీని ఇక్కడివాళ్లు ఆఫీసనే అంటారు.) వ్యాను తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. కుళాయిలో నీళ్లు మొదలయ్యేసరికి ఆరూముప్పావు. రెండు బిందెలు పట్టేలోపే వ్యాను హారను. "గాలికి కూడా పన్ను కడుతున్నాం సారూ" అని ఆమె నవ్వుతూనే వాపోయింది.

ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దన్నారు. వీధిలో తగవు ఇప్పుడిప్పుడే సద్దుమణుగుతోంది, మళ్లీ రాజేయొద్దని వాళ్ల మాట. అందుకే పేర్లు రాయడం లేదు. తగవు తీర్చిన లెక్క మాత్రం సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న ప్రతి వీధికీ పనికొచ్చేది. అందుకే ఈ కథనం.

నల్లరేగడి... నీటి కరువు

కోవిల్‌పట్టికి తూర్పున పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది ఎట్టయాపురం. తూత్తుకుడి జిల్లా. చుట్టూ 'కరిసల్' అని పిలిచే నల్లరేగడి నేల. ఇక్కడి జమీందార్లది తెలుగు ఇల్లు. వాళ్ల పూర్వీకులు చంద్రగిరి వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. చుట్టుపక్కల కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ పల్లెల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించింది ఈ ఊళ్లోనే. సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టిందీ ఇక్కడే.

ఈ ఊరికి నీటి కథ కూడా ఒకటుంది. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయాపురం వస్తూ దారిలో బీటలు వారిన నేల చూసి, అమృతవర్షిణి రాగం పాడితే వాన కురిసిందని పెద్దలు చెబుతారు. ఆయన 1835లో ఇక్కడే కన్నుమూశారు. సమాధి ఇక్కడే ఉంది. ఆ కథ ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు. కానీ పొద్దున బిందె నిండాలంటే జనం చూసేది మబ్బు వైపు కాదు, పైపు వైపు.

"మిగిలిన నీళ్లే కదా!"

మన వీధి సంగతికి వద్దాం. ట్యాంకు పడమర వైపు ఉంది. వీధి మధ్యలో పల్లం. చివర మళ్లీ మెట్ట. రోజు విడిచి రోజు రెండు గంటలు నీళ్లు వదులుతారు. వాల్వు కట్టేశాక కూడా పల్లంలో ఉన్న ఇళ్లకు చాలాసేపు నీళ్లు వస్తూనే ఉంటాయి. వాళ్లు పట్టుకుంటారు. బిందెలు నిండాక కుళాయి అలాగే వదిలేస్తారు. కొన్ని కుళాయిలకైతే తిప్పే తలే లేదు. విరిగి ఎన్నాళ్లయిందో!

చివరి ఇళ్లవాళ్లు అడిగితే పల్లం ఇళ్లవాళ్లది ఒకటే జవాబు. "వాల్వు కట్టేశాక పైపులో మిగిలిన నీళ్లే కదా మేం పట్టుకునేది! మీ వాటా ఏం తీసుకున్నాం?"

వినడానికి న్యాయంగానే ఉంది. పైపులో మిగిలేది ఎంతని? పది బిందెలా, ఇరవయ్యా? ఎవరూ లెక్క వేయలేదు. మాటా మాటా పెరిగింది. చివరికి అందరూ కలిసి ఒక అర్జీ తయారు చేశారు. నాలుగంగుళాల పైపు తీసేసి ఆరంగుళాలది వేయించాలని! పెద్ద పైపు వేస్తే అందరికీ నీళ్లే నీళ్లు అని నమ్మకం.

సంతకాల కాయితం వీధిలోనే ఉన్న ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లింది. జీవితమంతా పైపులు వేసిన ఫిట్టరు. వీధి మొత్తానికి మామ. ఆయన సంతకం పెట్టలేదు. "ముందు పైపులో ఎన్ని బిందెలు పడతాయో చెప్పండి. తర్వాత పెడతా" అన్నారు.

మామ లెక్క

ఆయన చేసిన మొదటి పని పొడవు కొలవడం. ట్యాంకు నుంచి చివరి కుళాయి దాకా టేపు పట్టించారు. 800 మీటర్లు వచ్చింది. రెండోది, పాత మరమ్మతులో మిగిలిన పైపు ముక్క తెచ్చి స్కేలు పెట్టి కొలవడం. బయట 110 మిల్లీమీటర్లు. గోడ మందం నాలుగు. రెండు వైపులా గోడ పోతే లోపల మిగిలింది 102 మిల్లీమీటర్లు. అంటే 10.2 సెంటీమీటర్లు.

"అంగట్లో పీవీసీ పైపు కొలత చెబితే అది బయటి కొలత. నీళ్లు ఉండేది లోపల. లెక్కకు లోపలి కొలతే కావాలి" అంటారు మామ. ఎక్కువ ఒత్తిడి తట్టే పైపు కొంటే గోడ మందం పెరుగుతుంది. పైకి అదే సైజు కనిపించినా లోపల చోటు తగ్గుతుంది. ఇనుప జీఐ పైపుల సంగతి వేరు. వాటిని అంగుళాల్లో పిలిచేది దాదాపుగా లోపలి కొలతతోనే.

ఇక లెక్క. పైపు నోరు గుండ్రం. అదే కొలతతో చదరపు పెట్టె ఉందనుకోండి. 10.2ను 10.2తో గుణిస్తే పెట్టె నోటి వైశాల్యం 104 చదరపు సెంటీమీటర్లు. ఆ పెట్టెలో సరిగ్గా ఇమిడే గుండ్రం దాంట్లో వందకు 78.5 పాళ్లు. రూపాయికి డెబ్బై ఎనిమిదిన్నర పైసలన్నమాట. అంటే 81.7 చదరపు సెంటీమీటర్లు. మీటరు పొడవంటే వంద సెంటీమీటర్లు కాబట్టి 8,170 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు. మీటరు పైపులో 8.17 లీటర్లు!

800 మీటర్లకు ఎంత? ఆరు వేల ఐదు వందల లీటర్ల పైచిలుకు. 15 లీటర్ల బిందెలైతే 435.

వీధిలో ఒక్కసారి మాట పడిపోయిందట. "పైపులో మిగిలిన కాసిని నీళ్లు" అనుకున్నది నాలుగు వందల ముప్పై ఐదు బిందెలు! 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. ఆ లెక్కన పైపు కడుపులో ఉన్నది 118 మందికి ఒక రోజు నీరు.

నిండు పైపు... ఖాళీ పైపు

ఇక్కడే అసలు కిటుకు ఉందంటారు మామ. పైపు నిండుగా ఉంటే ఇటు చివర నీళ్లు తోసిన వెంటనే అటు చివర పడతాయి. కొత్త నీళ్లు అక్కడిదాకా నడిచి పోనక్కర్లేదు. ఉన్న నీళ్లే ముందుకు జరుగుతాయి. అదే పైపు ఖాళీ అయితే ముందు దాని కడుపు నింపాలి. అంతవరకు చివరి ఇంటికి వచ్చేది పైపులోంచి బయటకు నెట్టుకొచ్చే గాలే.

ఎంతసేపు? దానికీ లెక్కే. వాల్వు తిప్పాక గంటలో ట్యాంకు మట్టం ఎంత తగ్గిందో చూశారు. 9,000 లీటర్లు. అంటే నిమిషానికి 150. దారిలో ఇళ్లు పట్టుకునేది నిమిషానికి 50 అనుకుంటే పైపు నిండటానికి మిగిలేది 100. ఆరున్నర వేల లీటర్లకు 65 నిమిషాలు. ఐదున్నరకు వాల్వు తిప్పితే ఆరూ ముప్పై ఐదు దాటాక మెట్ట మీద మొదటి చుక్క. వ్యాను హారనుకు అర్థం అప్పుడు తెలిసింది అందరికీ!

మరి ఆరంగుళాల పైపు వేస్తే? లోపల 15 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 15 పదిహేనులు 225. మీటరుకు 17.66 లీటర్లు. 800 మీటర్లకు 14,130 లీటర్లు. ట్యాంకు దగ్గరి పాత వాల్వు, అక్కడి నుంచి దిగే పైపు అవే ఉంటే వచ్చే నీళ్లు అంతే. నిమిషానికి 100 చొప్పున నిండాలంటే 141 నిమిషాలు. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. నీళ్లు వదిలేదే రెండు గంటలు!

"అర్జీ పాసై ఉంటే చివరి ఇంటికి గాలి కూడా పూర్తిగా పోయేది కాదు" అని నవ్వుతారు మామ. పైపు అడ్డుకొలత ఒకటిన్నర రెట్లయితే కడుపు రెండింతలకు పైనే అవుతుంది. కొలతను దానితోనే గుణిస్తాం కాబట్టి ఇలా జరుగుతుంది. పెద్ద పైపు చెడ్డదని కాదు. అందులో నీళ్లకు రాపిడి తక్కువ, ఇళ్లు పెరిగితే అదే కావాలి. కాకపోతే ట్యాంకు వాల్వుతో మొదలుపెట్టి పైనుంచీ మార్చుకుంటూ రావాలి. వీధిలో పైపు మాత్రం మారిస్తే ఖాళీ కడుపు పెరుగుతుంది, అంతే.

నదిలో నిన్నటి నీళ్లు

ఇదే లెక్కను పెద్ద లైన్లకు పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కోవిల్‌పట్టి పట్టణానికి నీళ్లు వచ్చేది తామ్రపర్ణి నది నుంచి. తిరునల్వేలి దగ్గర సీవలపేరిలో తోడి పంపిస్తారు. మ్యాపు మీద నేరుగా గీత గీసినా నలభై కిలోమీటర్లు దాటే దూరం. ఉదాహరణకు లోపల అర మీటరు అడ్డుకొలత ఉన్న పైపు 40 కిలోమీటర్లు ఉందనుకుందాం. దాని కడుపులో పట్టేది 78 లక్షల 54 వేల లీటర్లు. అది పైపు కాదు, పడుకోబెట్టిన చెరువు! సెకనుకు ఒక మీటరు వేగంతో నీళ్లు నడిస్తే ఈ చివర నుంచి ఆ చివరకు పదకొండు గంటలు. అంటే పొద్దున మనం తాగే నీళ్లు నిన్న సాయంత్రం నదిలో ఉన్నవన్నమాట. ఎక్కడైనా పైపు పగిలి లైను ఖాళీ చేస్తే, మరమ్మతు అయిపోయిందన్నాక కూడా నీళ్లు రావడానికి ఎందుకంత ఆలస్యమో దీంతో తెలిసిపోతుంది. అతుకు వేయడానికి రెండు గంటలే పట్టినా, లైను మళ్లీ నిండాలి కదా.

ఖాళీ పైపుతో జబ్బులూ...

పైపు ఖాళీ కావడం నీళ్ల కష్టమే కాదు, ఆరోగ్యానికీ చేటు. నిండుగా, ఒత్తిడితో ఉన్న పైపుకు చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. అదే పైపు ఖాళీ అవుతుంటే లోపలికి లాగుతుంది. పక్కన మురుగు కాల్వ ఉంటే ఆ చిల్లులోంచి మురుగే లోపలికి. మర్నాడు మొదట వచ్చే నీళ్లు రంగుగా, వాసనగా ఉండటానికి ఒక కారణం ఇదే. కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. అప్పుడు ఈ లాగుడు ఇంకా ఎక్కువ. వీధిలో ఒక్కరు మోటారు పెట్టినా మురుగు అందరి ఇంటికీ వస్తుంది.

మరమ్మతు తర్వాత లైనును క్లోరినుతో కడగాలన్నా పైపు కడుపు ఎంతో తెలియాలి. తెలియకపోతే పొడి అటో ఇటో అవుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వేయాలని ఇంజినీరు చెప్పారనుకుందాం. ఆరున్నర వేల లీటర్లకు 327 గ్రాములు. బ్లీచింగ్ పొడిలో నాలుగో వంతే క్లోరిన్ ఉంటే పొడి కిలో మూడు వందల గ్రాములు కావాలి. ఆ నీళ్లు తాగకూడదు. చెప్పిన గంటలు నిలవ ఉంచి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. వదిలేయాల్సింది కూడా కనీసం ఆ ఆరున్నర వేల లీటర్లు. నాలుగు బిందెలు పారబోసి "వాసన పోయింది" అనుకుంటే సరిపోదు. మామూలు రోజుల్లో కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ 2012 నాటి తాగునీటి ప్రమాణం చెబుతోంది.

ఇంట్లో, బోరులో, పొలంలో...

చేతిలో కాలిక్యులేటర్ లేకపోతే మామ దగ్గర ఇంకో కిటుకు ఉంది. లోపలి కొలతను అంగుళాల్లో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి సగం చేయండి. అదే మీటరుకు లీటర్లు! నాలుగంగుళాలకు నాలుగు నాలుగులు పదహారు, సగం ఎనిమిది. మూడంగుళాలకు మూడు మూళ్లు తొమ్మిది, సగం నాలుగున్నర. కచ్చితమైన లెక్కకు నూటికి ఒకటిన్నర వంతు కూడా తేడా రాదు.

మేడ మీద సోలార్ హీటరు ఉన్నవాళ్లు ఇలా చూసుకోవచ్చు. అక్కడి నుంచి స్నానాల గదికి ముప్పావు అంగుళం పైపు 15 మీటర్లు ఉంటే అందులో నిలిచేవి నాలుగు లీటర్ల పైన చల్లనీళ్లు. వేడినీళ్లు వచ్చేదాకా రోజూ అవి కాల్వలో పోతున్నాయి. ఒక బకెట్ పెట్టి పడితే మొక్కలకు సరి.

బోరు సంగతి ఇంకా చిత్రం. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు 21 లీటర్లే. యాభై మీటర్ల లోతున నీళ్లు నిలిచి ఉన్నాయని మురిసిపోతాం. మొత్తం 1,070 లీటర్లు! నిమిషానికి 100 లీటర్లు తోడే మోటారు పదకొండు నిమిషాల్లో ఊడ్చేస్తుంది. ఊట లేకపోతే ఆ తర్వాత మోటారు ఉత్తినే తిరిగి కాలిపోవడమే. అందుకే బోరులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయన్నది కాదు, ఊట ఎంత అన్నదే చూడాలి.

ఉప్పునీటి ఊళ్లలో పైపు లోపల తెల్లటి పొర పేరుకుంటుంది. పది సెంటీమీటర్ల పైపులో చుట్టూ అర సెంటీమీటరు పొర పట్టిందంటే మిగిలేది తొమ్మిది. చూడ్డానికి తేడా చిన్నదే. పది పదులు వంద, తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. నూటికి పంతొమ్మిది పాళ్ల చోటు పోయినట్టే.

తలలు బిగించారు

అర్జీ చింపేశారా అంటే లేదు. మార్చి రాశారు. ఆరంగుళాల పైపు బదులు ట్యాంకు దగ్గరి పాత వాల్వు మార్చాలని, వీధి మధ్యలో ఇంకో వాల్వు పెట్టాలని అడిగారు. దానికి జవాబు ఇంకా రావాలి. అంతదాకా ఆగకుండా చేయగలిగింది ఒకటి చేశారు. వీధిలో తలల్లేని కుళాయిలు లెక్కపెడితే పదకొండు తేలాయి. తలా కాస్త డబ్బు వేసుకుని అన్నిటికీ కొత్త తలలు బిగించారు. వాల్వు కట్టేయగానే అందరూ కుళాయి కట్టేయాలని మాట అనుకున్నారు.

పల్లం ఇళ్లలో అందరికీ ఇది ఇష్టం లేదు. "మాకు రోజూ ఉండే నీళ్లు తగ్గాయి" అనే గొంతు ఒకటి ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాటా అబద్ధం కాదు. నాలుగు వందల బిందెలు ఒకచోట ఆగితే ఇంకోచోట తగ్గక తప్పదు. పైపు కడుపు పెరగదు, వాటాలే సర్దుకోవాలి.

మేం రెండోసారి వెళ్లిన రోజు ఐదూ నలభైకే చివరి ఇంటి కుళాయి కాసేపు బుస్సుమని, తర్వాత ధారగా మొదలైంది. పైపు పూర్తిగా నిండుగా లేదు. ఎక్కడో ఒక కుళాయి ఎవరో మరిచిపోయి ఉంటారు. అయినా ఆరున్నరకు ఆ ఇంట్లో ఎనిమిది బిందెలు నిండాయి. ఆమె కొంగు దోపుకుని, టిఫిన్ డబ్బా అందుకుని వ్యాను వైపు నడిచింది. "మామా, ఈ రోజు గాలి తక్కువే" అని దారిలో ఓ కేక వేసింది.

అరుగు మీద కూర్చున్న మామ తల ఊపారు. "పాత పైపు ముక్క జాగ్రత్తగా పెట్టమ్మా. మళ్లీ ఎవరైనా అడిగితే కొలిచి చూపించాలి" అన్నారు.

మీటరు పైపులో ఎన్ని లీటర్లు? (లోపలి కొలత ప్రకారం)

అర అంగుళం - 0.13
ముప్పావు అంగుళం - 0.29
1 అంగుళం - 0.51
2 అంగుళాలు - 2.03
3 అంగుళాలు - 4.56
4 అంగుళాలు - 8.11
6 అంగుళాలు - 18.24
6.5 అంగుళాల బోరు - 21.4

లెక్క ఇలా: లోపలి అడ్డుకొలత (సెం.మీ.) × అదే అడ్డుకొలత × 0.0785 = మీటరుకు లీటర్లు. దాన్ని పైపు పొడవుతో (మీటర్లలో) గుణిస్తే మొత్తం నీరు. మొత్తాన్ని నిమిషానికి వచ్చే లీటర్లతో భాగిస్తే ఖాళీ పైపు నిండే నిమిషాలు.